లోయ దిక్కు గోడ

మెనూ కార్డు వెనుక పేజీ ఖాళీగ ఉన్నదట.
"మన హోటల్ చరిత్ర నాలుగు లైన్లు చెప్పు రాజలింగూ,
అందరికంటె పాతోనివి నువ్వే గద" అన్నడు కొత్త మేనేజరు.
చేతులు తుడుచుకొని కూసున్న.
నాలుగు లైన్లు ఏడికెల్లి మొదలువెట్టాలె?

జబల్ అఖ్దర్ మీదికి తారు రోడ్డు లేనప్పటి ముచ్చట.
కొండను పేల్చి తొవ్వ తీసేటోళ్ళు నూట నలభై మంది,
వాళ్ళకు వండేతందుకు ఒక రేకుల షెడ్డు,
షెడ్డుల రెండు స్టవ్వులు, బీరాన్ కాక, నేను.
పొద్దుగాల పప్పు, రొట్టె.
రాత్రికి రొట్టె, పప్పు.
శుక్రవారం కోడి,
అదీ మస్కట్ నుంచి గడ్డకట్టి రాయి లెక్క వచ్చేది.

గాలికి స్టవ్వు ఆరిపోతున్నదని
లోయ దిక్కు గోడ మేమే కట్టినం,
సిమెంటు ఇటుకలతోని, సందు లేకుంట.
రెండేండ్లు ఆ గోడకు వీపువెట్టి రొట్టెలు కాల్చిన.
అవుతల ఏమున్నదో అడగలే.
ఉల్లిగడ్డ కోసేటోనికి లోయతోని ఏం పని?

ఓ చలి పొద్దున, వెనుక డ్రమ్ములు నింపుదామని
గుల్ జమాన్ నీళ్ళ ట్యాంకరు ఎన్కకు తీసుకుంట
బ్రేకు పడక గోడను గుద్దిండు.
పప్పు గిన్నెల ఇటుక పెళ్ళలు!
తిట్టుదామని మొకం ఎత్తినం.
ఎత్తింది ఎత్తినట్టే ఉన్నం.

కింద మెట్లు మెట్లుగ గులాబి మడులు.
లోయలకెల్లి మంచు పాలు పొంగినట్టు లేస్తున్నది,
దాన్ల ఒక ఊరు మునిగి తేలుతున్నది,
ఎవరిదో మేక ఒకటి గోడెక్కి దానిమ్మ కొమ్మ గుంజుతున్నది.
బీరాన్ కాక చేతిల గరిటె.
పప్పు కారుతనే ఉన్నది.

సిమెంటు సంచి అడ్డం కట్టబోయిన.
"ఉండనియ్యి" అన్నడు.
రెండు నూనె డబ్బాలు బోర్లేసిండు ఆ బొక్క ముందట.
ఆ శుక్రవారం పనోళ్ళు వంతులేసుకొని కూసున్నరు.
ఒక్క ఛాయ్, పది నిమిషాలు.
ఎవ్వడన్న ఎక్కువసేపు కూసుంటే
ఎన్కోడు దగ్గెటోడు.

గోడ ఖర్చు కంపెనీ గుల్ జమాన్ జీతంల కోసింది,
రెండు నెలలది.
పెషావర్ అవుతల వాళ్ళ ఇంటికి
ఆ రెండు నెలలు ఏం పంపిండో నాకెర్క లేదు.
ఛాయ్ పైసలు మాత్రం కాక అతని తాన తీసుకోలే.

రోడ్డయింది. పనోళ్ళు పోయిండ్రు. షెడ్డు మిగిలింది.
ఖల్ఫాన్ సాబ్ వచ్చి ఆ బొక్కల తల పెట్టి
శానాసేపు నిలవడ్డడు.
మరుసటి నెల అద్దం దిగింది.
"ఇగ గాలి రాదు" అన్నడు బీరాన్ కాక,
మెచ్చుకున్నడో, నొచ్చుకున్నడో.
ఆ ఎండాకాలమే మలప్పురం పోయిండు, మళ్ళ రాలే.
అద్దం ఎన్కనే ఏసీ, తెల్లబట్ట పరిచిన బల్లలు,
జర్మనోళ్ళు, దుబాయి నుంచి కొత్త జంటలు.
కిటికీ కాడి ఏడో నంబరు బల్లకు ఇప్పుడు
తిండి గాక ఐదు రియాళ్ళు.

ఇదంత చెప్పిన. మేనేజరు రాసుకున్నడు.
కార్డు అచ్చయి వచ్చింది.
నేపాలీ పిలగాడు నాకు చదివి చెప్పిండు:
'ఒక ప్రకృతి ప్రేమికుని కల' అని మొదలైతదట.
"ట్యాంకరు ఉన్నదా సూడు" అన్న.
తిరిగేసి మరిగేసి సూసిండు పాపం.

రాత్రి బల్లలు సదిరినంక
అద్దం మీది వేలిముద్రలు నేనే తుడుస్త.
కింద పిల్లలవి, మీద పెద్దోళ్ళవి.
లోయంత చీకటి, ఊర్ల నాలుగు దీపాలు.
వంటింటి తలుపు ఎవరన్న తెరిస్తే
సర్రున గాలి దూరుతది,
నా చెయ్యి దానంతటదే పోయి
లేని మంటకు అడ్డం నిలవడుతది.