జవాబు లేదు

సిగెత్వార్ కోర్టులో టైపిస్టుని నేను.
కిటికీ పక్క బల్ల నాది.
తీర్పులు నావి కావు, కామాలు మాత్రం నావి.

ఆ మంగళవారం పిరోష్కా కలాన్యోష్ వచ్చింది
పుట్టగొడుగుల బుట్ట గుమ్మం దగ్గర జవానుకి అప్పజెప్పి.
ముప్పయ్యారేళ్లు. ఎడమకాలు ఈడుస్తుంది.
చిన్నప్పుడు మూర్ఛలు. చదువు ప్రత్యేక పాఠశాలలో.
వాళ్ల పేట రోమా పిల్లలందరినీ అక్కడికే తోలేవారు
మూర్ఛలున్నా, లేకున్నా.

ప్రశ్న: పాల ప్యాకెట్ ఎంత?
"ఏ కొట్లో?" అంది.
"నగదుకి ఒక ధర. మాకు అప్పు రాసేటప్పుడు ఇంకో ధర."
న్యాయమూర్తి నావైపు చూశాడు.
"ధర తెలియదు" అని కొట్టాను.

ప్రశ్న: ఇప్పుడు టైమెంత?
గోడ గడియారం చూడలేదు, కిటికీకి చెవి ఒగ్గింది.
"పేచ్ బండి రావాలింకా."
బండి కూసింది, కాసేపటికి.
అప్పటికి నేను కిందిలైనులో ఉన్నాను.

ప్రశ్న: నీకు సంరక్షకుడు ఎందుకో తెలుసా?
ఈసారి తన భాషలో మాట్లాడింది, బెయాష్‌లో,
చాలాసేపు.
మధ్యలో ఒకసారి నవ్వింది. వేళ్లు మడిచి
ఏదో లెక్క చెప్పింది, రెండుసార్లు, అదే లెక్క.
దుబాసీకి డబ్బు మంజూరు కాలేదు.
నా వేళ్లు మీటల మీద ఆగి ఉన్నాయి.
"జవాబు లేదు" అని కొట్టాను.

ఆ నెలలోనే పళ్ల డాక్టరుగారి అబ్బాయి బాలింట్ వచ్చాడు.
అదే జబ్బు. కాగితం రాసిందీ అదే డాక్టరు,
లాటిన్ పేరు అక్షరం పొల్లుపోలేదు.
పక్కన తండ్రి, వకీలు, ఇస్త్రీ కోటు.
పాల ధర అడిగితే
"మా పనామె కొంటుంది" అన్నాడు.
అందరం నవ్వాం. నేను కూడా.
అతనికి సలహాకో మనిషిని ఇచ్చారు, సంతకం అతనిదే.
పిరోష్కాకి శ్రీమతి వెరెబేయిని ఇచ్చారు,
నలభై మూడు ఫైళ్ల కింద నలభై నాలుగో ఫైలుగా.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు కదా.
ఫారంలో గోరుకి ఒక పేజీ ఉంది,
రోకలికి వేరే పేజీ, వేరే ఆఫీసు.
పోటు పడ్డ చోటుకి గడి లేదు.
నేను వెతికాను. నిజంగా, ఓ మధ్యాహ్నమంతా.

శీతాకాలం ఒక అర్జీ వచ్చింది: బూట్లకి ఆరువేల ఫోరింట్లు,
ఆమె డబ్బే.
"కుడి బూటు బాగానే ఉంది" అని తిప్పి పంపారు.
ఈడ్చే కాలి బూటే అరుగుతుందని
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
వసంతంలో ఓటర్ల జాబితా కొట్టాను. క ఉన్న పేజీ
ఒక పేరు తక్కువతో అయిపోయింది.

అక్టోబరులో సంతలో కనబడింది.
తక్కెడ లేకుండా తూచి ఇస్తోంది, చిల్లర తప్పు పోకుండా.
నా చేతిలో బుట్ట, ఆదివారం అడవిలో నేనే ఏరుకున్నవి.
అడిగేశాను: "ఆ రోజు ఏం చెప్పావు?"
నన్ను గుర్తుపట్టడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.
"మా మేడంని అడగండి,
నా తరఫున మాట్లాడేది ఆవిడే కదా."

వెళ్లబోతుంటే నా బుట్టలో చెయ్యి పెట్టి
తెల్లటిదొకటి తీసి కాలవలోకి విసిరింది.
"అది తినకు."

ఎందుకని అడగలేదు.
ఇంటికొచ్చి మిగతావి వండుకున్నాను.