కిలోకి పదమూడు గ్రాములు

ఆ దేశాన్ని పటంలో వెతక్కండి.
గుంటూరు మాత్రం అందులోనూ గుంటూరే.
యార్డు గేటు దాటకముందే తుమ్ము,
ఫిబ్రవరికే నెత్తిమీద నిప్పు.

మతం ఒక బుధవారం వచ్చింది, జీవో రూపంలో.
మంగళవారం దాకా తూనికలు కొలతల శాఖ,
తెల్లారేసరికి దేవుడి శాఖ.
అదే బల్ల, అదే ఇంకుప్యాడు,
అదే గుమాస్తా ఏసోబు గారు.
నుదుట మాత్రం కొత్తగా ఒక నిలువు గీత,
కాటా ముల్లులాగ.

దేవుడెవరంటే తక్కెడ.
ముల్లు నిలిస్తే పుణ్యం, వాలితే పాపం.
చదువు రానివాళ్లకీ అర్థమయ్యే దేవుడని
మొదట్లో సంతోషించాం, అబద్ధమెందుకు.

శుక్రవారం శుక్రవారం
టిక్కీల వెనకాల జనం వరస.
ముందు మిరపకాయ, తర్వాత మనిషి.
ఎత్తుకి ఇంతని పట్టికలో ఉంటుంది,
ఆపైన తూగిందంతా పాపం,
పాపానికి కిలో లెక్కన సుంకం.
చెప్పులు విప్పాలి. ముక్కుపుడకకి తరుగు తీస్తారు.
ఏడుపు లోపలే ఉంచుకోవాలి,
కాటా ఎక్కేముందు కన్నీళ్లు కారిస్తే
తూకం ఎగ్గొట్టిన నేరం.

మాటలూ మారాయి.
"గుండె బరువెక్కింది" అన్నందుకు పిచ్చేశ్వరరావు మాస్టారు
మూడు నెలలు లోపలుండి వచ్చాడు.
చావింట్లో "తేలికపడ్డాడు" అనాలి.
చూలాలికి మినహాయింపు ఇవ్వాలా వద్దా అని
అరండల్‌పేటలో పండితులు తొమ్మిది నెలలు వాదించారు.
ఈలోపు బిడ్డలు పుట్టేశారు.

తొడిమలు తీసే నాంచారమ్మ నలభై కిలోల మనిషి.
ఏ శుక్రవారం ఎక్కినా అరకిలో చిల్లర ఎక్కువ.
గురువారం పస్తుంది. అయినా ఎక్కువే.
జుట్టు కత్తిరించుకుంది. అయినా.
"ఏం చేశానయ్యా నేను" అనడిగింది నన్ను,
మండుతున్న వేళ్లు గాల్లో ఊపుకుంటూ,
"ఒక్క కాయన్నా కొంగున కట్టుకుపోలేదే."

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి.
నాకు తెలుసు.

యార్డు నడిమధ్య అద్దాలపెట్టెలో కూర్చున్న ఆదిరాయి,
దేశంలో రాళ్లన్నిటికీ అమ్మ,
నా తొమ్మిదోయేట మా నాన్న బల్లకింద పడుండేది.
అప్పుడది ఉత్త ఇనుము. దానిమీద టీగ్లాసు పెట్టేవాడు.
కొమ్మమూరు కాలవలో గాలం వెయ్యాలి,
సీసం కావాలని నేనొకటే గోల.
నాన్న ఆ రాయి తిరగేసి
అడుగు బొక్కలోంచి సీసం గీకి తీశాడు,
నా ఏడుపుకి సరిపడా.
"రేపు పూడుస్తాలే" అన్నాడు.

ఆ రేపు బుధవారం.
మేళంతో వచ్చి, పూలు చల్లి, ఎత్తుకెళ్లారు.

నాన్న చచ్చేదాకా నోరు విప్పలేదు.
ప్రతి శుక్రవారం తన సుంకం తను కట్టి
రసీదు నాలుగు మడతలు పెట్టి
నా చొక్కాజేబులో వేసేవాడు.

చెప్పేద్దామని రెండుసార్లు ఏసోబు గారి గదిదాకా వెళ్లాను.
ఇప్పుడాయన తూనికాచార్యులు, కళ్లు మసక.
రెండోసారి ఆయనే తలుపేసి
"నేనూ పైకి రాశాను అబ్బాయ్" అన్నాడు.
జవాబు సొరుగులోంచి తీసి చూపించాడు.
రాయి తగ్గలేదు, దేశం పెరిగింది, అని ఉంది.
కింద గుండ్రటి ముద్ర.

నిన్న ఆ ముక్కని నాంచారమ్మ అరచేతిలో పెట్టాను,
ఏమిటో చెప్పకుండా.
పంటితో నొక్కి చూసింది. గంటు పడింది.
ఎర్రటి వేళ్లమధ్య అటూ ఇటూ దొర్లించి
"గాలానికి బాగుంటదయ్యా" అంది.
"ఆదివారం కాలవకి నీళ్లు వదుల్తారంట."