నలభై ఒకటో వరస

వూచ్ నగరం. ఫిబ్రవరి.
బాల్కనీలో, వేళ్లు కొంకర్లు పోయే చలిలో
బోగ్నా ఓ చిప్పును ఆమ్లంలో ఉడికిస్తోంది.
నల్లటి పెంకు కరిగి
చిటికెన వేలి గోరంత పలక బయటపడింది.
మేజోళ్లు అల్లే పాత యంత్రం బుర్ర అది.
నలభై ఒకటో వరసలో ప్రతిసారీ
ఒక కుట్టు జారవిడుస్తోందని
కొత్తగా కొన్నవాళ్ల ఫిర్యాదు.
చేసిన కంపెనీ మూతపడింది. గీసిన పటాలు ఏమయ్యాయో.

మైక్రోస్కోపు కింద మూడు వందల పన్నెండు ఫోటోలు.
అంచుకు అంచు చూసుకుంటూ
సాఫ్ట్‌వేర్ వాటిని బొంతలా కుట్టింది.
లోహపు పొర ఒలిచి, మళ్లీ ఫోటోలు.
పొర మీద పొర రవ్వంత పక్కకి జరిగినా
ఏ తీగ ఎక్కడ దిగుతుందో దేవుడికే తెలియాలి.
లోహానికి నీలం, సిలికాన్‌కి ఆకుపచ్చ,
రెంటినీ కలిపే చుక్కలకి పసుపు.
ఒక్క గేటు గుర్తుపట్టి చూపిస్తే చాలు,
ఇలాంటివే ఇంకో ఎనభై ఏడు పట్టుకొస్తుంది,
ఒక మెతుకు నొక్కి అన్నమంతా చెప్పేసినట్టు.

అర్థం కానివి మాత్రం ఎర్రగా వెలిగిస్తుంది.
మొదట రెండు వందలు. తర్వాత నలభై. తర్వాత పదిహేను.

అందులో ఒకటి మూడు రాత్రులు తినేసింది:
కలవకూడని రెండు తీగల మధ్య
వంకరగా ఓ వంతెన.
"ఎవడు గీశాడో గానీ నిద్రలో గీశాడు"
అని తిట్టుకుంది, టీ చల్లారబెట్టుకుంది.
పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది.
వంతెనకి పొలుసులున్నాయి.

తన స్వెట్టరు మోచేతి నుంచి
ఎప్పుడో రాలిన ఊలు పోగు!

చెరిపింది. "నిజంగానేనా?" అడిగింది తెర.
అవునని నొక్కడానికి
ఎందుకో కాసేపు పట్టింది.

ఆఖరికి తెర మీదే యంత్రాన్ని నడిపింది.
ముప్పై తొమ్మిది, నలభై,
నలభై ఒకటి.
కుట్టు జారింది.

జబ్బు కాదది.
ఆ జారుడు కోసమే పదకొండు గేట్లు
ఓ మూల ఒద్దికగా కూర్చుని
వరసలు లెక్కపెడుతున్నాయి.

మర్నాడు ట్రామెక్కి మిల్లుకి వెళ్లింది.
ఎప్పుడో రిటైరైన జెనోన్‌ని ఫోన్లో పట్టుకున్నారు.
"అదా? కత్తెర పెట్టాల్సిన చోటు.
ఒక మేజోడు అయిపోయి ఇంకోటి మొదలయ్యే గుర్తు.
నన్నడిగితే చెప్పేవాణ్ణిగా!"

ఇంటికొచ్చి ఫైలు తెరిచింది.
ఆ పదకొండింటి గుంపుకి
పేరు పెట్టమంది సాఫ్ట్‌వేర్.
"కత్తెర" అని టైపు చేసింది.

ఇంకా ఆరు ఎర్రగానే ఉన్నాయి.
స్వెట్టరు విప్పి పక్కగదిలో తగిలించి
మళ్లీ కూర్చుంది.