దారి చెప్పని ఊరు

ముందు కూడలిలో కొయ్యబాణాలు పీకేశారు.
మిస్టర్ గార్‌బట్ గడ్డిబండి మీద వేసుకుపోయి
తన పందుల కొట్టంలో పేర్చాడు.
చుట్టుపక్కల ఏడూళ్ళ పేర్లు
యుద్ధమంతా పందుల పక్కనే పడుకున్నాయి.
స్టేషన్ బోర్డుకి నల్లరంగు.
పోస్టాఫీసు గుమ్మం మీద ఊరి పేరున్నచోట
నాలుగు మేకు బొక్కలు.
చర్చి గంట నోరు కట్టేశారు,
అది మోగిందంటే వాళ్ళు దిగినట్టే అన్నారు.

బడిలో ప్రార్థనయ్యాక మిస్ పెల్లో వల్లె వేయించేది:
"కొత్తవాళ్ళు ఊరి పేరడిగితే?"
"మాకు తెలీదు మిస్."
"మిఠాయి ఇస్తే?"
ఇక్కడ మా గొంతులు కాస్త తగ్గేవి.

మా ఇంటికి హల్ నుంచి విల్ఫ్ వచ్చాడు.
మెడలో చీటీ, అట్టపెట్టెలో గ్యాస్ మాస్కు, ఆరేళ్ళు.
ఆవుని చూసి ఏడ్చాడు.
రాత్రిళ్ళు పక్క తడిపేవాడు. అమ్మ ఏమీ అనేది కాదు,
పొద్దున్నే దుప్పటి కంచె మీద ఆరేసేది,
ఊరందరికీ తెలిసిపోయేది.
నాకు వాడంటే ఒళ్ళుమంట.
నా మంచంలో సగం వాడిది, అమ్మ ఒడిలో సగం పైనే.
దీపం ఆర్పాక రోజూ అదే మాట:
"మా నాన్న ఓడలో ఉన్నాడు.
వచ్చేటప్పుడు కమలాపండు తెస్తాడు."

అక్టోబరు. మునిమాపు.
అడవిగులాబి కాయలు ఏరుతున్నాను,
మందుకోసం బళ్ళో తీసుకుంటారు, పౌనుకి రెండు పెన్నీలు.
పొగమంచులోంచి ఒకాయన వచ్చాడు,
తడిసిన కోటు, భుజాన సంచి, ఒక కాలు కుంటుతూ.
"పాపా, ఇది ఏ ఊరు?"
నోరు విప్పలేదు.
ఆయనే పేరు చెప్పాడు. మా ఊరి పేరే.
కానీ మేమంతా మింగేసే అక్షరాన్ని
ఆయన నిండుగా పలికాడు.
అంతే, గూఢచారి దొరికిపోయాడు నాకు.
చెయ్యి చాచి చూపించాను,
బీడుకొండ వైపు,
తొమ్మిది మైళ్ళు గొర్రెలు తప్ప ఏమీ లేని వైపు.
ఆయన టోపీ ఎత్తి థాంక్స్ చెప్పాడు.
సంచిలో రెండున్నాయి,
ఒకటి తీసి నా బుట్టలో పెట్టాడు.
కమలాపండు.

విషం ఉంటుందని తెలుసు.
రాతిగోడ వెనక కూచుని తొక్కతో సహా తినేశాను.

ఆ రాత్రి విల్ఫ్ నా వేళ్ళు పట్టుకుని వాసన చూశాడు.
చాలాసేపు చూశాడు. ఏమీ అడగలేదు.

తర్వాతి వారం ఉత్తరం. అమ్మ పైకి చదివింది:
ఒక్కరోజే సెలవు దొరికింది,
రాత్రంతా నడిచాను, ఒక్క కిటికీలోనూ వెలుగు లేదు,
ఎవరో చిన్నపిల్ల, మంచిది, దారి చెప్పింది,
నేనే ఎక్కడో తప్పిపోయినట్టున్నాను.
నేను బంగాళాదుంపలు చెక్కుతున్నాను.
తొక్క మందంగా లేస్తోందని అమ్మ తిట్టింది.

ఆ తర్వాత ఉత్తరాలు లేవు.
వసంతంలో వాడి పెద్దమ్మ వచ్చి తీసుకుపోయింది.
ఎందుకో పెద్దవాళ్ళు వంటింటి తలుపు మూసి మాట్లాడుకున్నారు.
గోడలకి చెవులుంటాయంటారు.
ఆ రోజు అవి నావి.

యుద్ధం అయ్యాక బాణాలు కడిగి నిలబెట్టారు,
ఎండ కాసినప్పుడల్లా పందుల కంపు కొట్టేవి.
నాకిప్పుడు ఎనభై తొమ్మిది.
ఎవరైనా కారు అద్దం దించి దారడిగితే
చేత్తో చూపించను,
కర్ర పోటేసుకుంటూ మలుపుదాకా నడుస్తాను.
పొగమంచు దిగిన సాయంత్రాలు
ఆ గోడ దగ్గర ఆగి,
ఎవరూ అడక్కపోయినా చెబుతాను:
అవునండీ, ఇదే ఆ ఊరు.
మీరు సరిగ్గానే పలికారు.
మిల్లు దాటాక మూడో ఇల్లు,
కంచె మీద దుప్పటి ఆరేసి ఉంటుంది.
త్వరగా వెళ్ళండి,
మీవాడు ఇంకా నిద్రపోలేదు.