ఇతరులు: ఒకటి

సర్క్యులర్ వచ్చింది.
నిమజ్జనం, మిలాదు ఒకే వారంలో పడినాయి గనక
శాంతి కమిటీ జరిపి, ఫోటోలు జతచేసి
సాయంత్రం అయిదులోపల నివేదిక పంపవలెను.

నేను ఆదోని సబ్ కలెక్టరాఫీసులో టైపిస్టును.
పోయినేటి ఫైలు తెరిచి తేదీ మార్చినాను.
"సమావేశం సామరస్యంగా ముగిసినది"
అన్న మాట, ఇంకా కుర్చీలైనా వెయ్యకముందే
తెరమీద సిద్ధంగా ఉంది.

కుర్చీలు మూడు వరసలు.
ఎడమ హిందువులు, కుడి ముస్లిములు,
కిటికీ పక్కన క్రైస్తవులు, వాళ్ళు నలుగురే గనక.
వరసకో కాగితం అంటించినాడు అటెండరు.
గమ్ము చాలక ఒకటి రెండుసార్లు ఊడింది.

వాజిద్ సాబు వచ్చినాడు, పాస్టర్ ఏసుపాదం వచ్చినాడు,
ఉత్సవ కమిటీ పిల్లోళ్ళు సెల్లుల్లో తల దూర్చి వచ్చినారు.
ఆఖర్న హుసేనప్ప,
బోయగేరి పెద్దమనిషి. నొసట విబూది.
పీర్ల పండక్కి గుండం తవ్వేది వాళ్ళ ఇంటోళ్ళే.

కొత్త మేడమ్‌ది ఈ సీమ కాదు.
జాబితాలో పేరు చూసి మర్యాదగానే కుడికి చెయ్యి చూపింది.
నొసలు చూసి ఎడమకు మళ్ళించింది.
ఏ పక్కకూ మొగ్గగూడదని నేర్చుకున్న చెయ్యి,
కొంచేపు అట్లే గాలిలో ఉండిపోయింది.

"యాడ కూచోవాల మేడమ్?"
ఎవరూ చెప్పలే.
"ఫ్యాను కింద కూచుంటాలే" అని
కుర్చీ ఒకటి గచ్చు మీద బర్రున ఈడ్చుకొని
మధ్యలో వేసుకున్నాడు.

ఆపైన గంటసేపు సోదరభావం.
పోయినేడు కోట మలుపులో పడిన రాయి సంగతి
ఒక్కరూ ఎత్తలే.
ఎఫ్ఐఆర్‌లో అది గుర్తు తెలియని రాయి.
దాని దెబ్బకు కన్ను పోయిన సోడాబండి పిల్లోన్ని
ఏ వరసకూ పిలవలే.

లైన్‌మన్ సుంకన్న లేచినాక గానీ అసలు మాట రాలే.
"మీ బొమ్మ పద్దెనిమిది అడుగులు. మీ జెండా కట్టె పదిహేడు.
నా తీగ పదహారు.
తగిలితే అది ఎవరినీ అడగదు సామీ."
అప్పుడు జరిగినాయి కుర్చీలు.
వాజిద్ సాబు కాగితం మీద వీధులు గీసినాడు,
ఉత్సవాల పిల్లోడు పెన్ను గుంజుకొని దిద్దినాడు,
చర్చి గేటు తీసిపెడతాం, బండ్లు అటు తిప్పుకోండన్నాడు పాస్టరు.
ఉగ్గాని చల్లారిపోయింది, ఎవరూ చూడలే.
ఫోటో అప్పుడు తీసింటే బాగుండు.
ముందే తీసేసినాం, చేతులు కలిపించి, వరసగా నిలబెట్టి.

అందరూ పోతావుంటే మేడమ్ అడిగింది, ఆ పేరేందని.
హుసేనప్ప చెప్పులు ఏసుకుంటా చెప్పినాడు:
"నాకు ముందు ముగ్గురు నిలవలే.
మాయమ్మ పీరుసామికి మొక్కుకుంటే నేను నిలిస్తి.
అది పేరు గాదు మేడమ్, బాకీ."

మేడమ్ పెన్నుకు మూత పెట్టింది, మళ్ళీ తీసింది,
ఏమీ రాయలే.
పట్టిక పైనుంచి వచ్చింది, గడులు మార్చే అధికారం
ఆమెకూ లేదు, నాకూ లేదు.
హిందువులు తొమ్మిది. ముస్లిములు ఎనిమిది. క్రైస్తవులు నాలుగు.
ఇతరులు: ఒకటి.
అయిదుకు పది నిమిషాలుండగా పంపినాను.

మాయమ్మ పేరు మస్తానమ్మ.
ఏటేటా కొండకు నడిచిపోయి తలనీలాలిచ్చేది.
ఈ ఆఫీసులో ఇరవై రెండేండ్లలో
ఆ పేరు ఎవరికీ చెప్పాల్సిన పని పడలే.
ఇప్పుడు పడిందా లేదా అని
కంప్యూటరు ఆపకుండా
కూచోనుండాను.