హామీ

బ్రాడీపేట నాలుగో లైను మలుపులో
నా బజ్జీల బండికి మూడడుగుల అవతల
దిల్‌మాయ మోమోల ఆవిరి గిన్నె పెట్టిన రోజు
నేను పలకరించలేదు.
నా గిరాకీకి గండికొట్టడానికి వచ్చిందని
మిరపకాయని నూనెలోకి కాస్త గట్టిగానే విసిరాను.
చిట్లి, నా చెయ్యే కాలింది.

నేపాల్‌లో ఏదో కొండూరట. పేరు చెప్పింది,
నాకు నోరు తిరగలేదు.
అప్పటికి దానికొచ్చిన తెలుగు మూడు మాటలు:
ఎంత, చిల్లర, కారం.
గుంటూర్లో ఆ మూడుంటే ముప్పై ఏళ్ళు బతకొచ్చు,
బతికినవాళ్ళని చూశాను.
దానికి చాల్లేదు.

బేరాల్లేని వేళ
శనగపిండి కలుపుతున్న నా నోటికేసి చూస్తూ కూర్చునేది,
మాట జారిపడితే ఏరుకుందామన్నట్టు.
"మా ఆయన వచ్చింది" అనేది.
కాలేజీ పిల్లలు విరగబడి నవ్వితే
తనూ నవ్వి, మర్నాడు మళ్ళీ
"మా ఆయన వెళ్ళిపోయింది."
నేను దిద్దలేదు.
మా ఆయన్ని నేను అంతకన్నా ఘోరంగా అంటాను.

ఒకనాడు అడిగింది:
"కోటక్కా, మేము, మనం. రెండెందుకు?
మా భాషలో ఒక్కటే, హామీ."
నవ్వొచ్చింది నాకు.
హామీ అంటే ఇక్కడ ఓట్లప్పుడు ఇచ్చేది.
గరిటె చివర నూనెతో
సిమెంటు మీద గీత గీసి చెప్పాను:
"నువ్వూ ఉంటే మనం.
నువ్వు లేకపోతే మేము."
గీతకి అవతలున్న తన కాళ్ళకేసి చూసుకుంది.
"మరి నాతో ఎప్పుడూ మేము అంటావు."

అన్నానా?
ఆ రాత్రి బండి తోసుకుపోతూ లెక్కపెట్టుకున్నాను.
మేమిట్టా తినం.
మా ఊళ్ళో ఎండలింతే.
మా కుళాయికి నీళ్ళు అయిదింటికొస్తాయి.
అది బిందె పట్టుకునేదీ ఆ కుళాయి దగ్గరే.

ఆషాఢంలో కార్పొరేషన్ లారీ వచ్చింది.
ముందు దిల్‌మాయ గిన్నె మూత లాగారు,
ఆవిరి గుప్పున లేచి
కాసేపు ఎవరి మొహం ఎవరికీ కనపళ్ళేదు.
"ఎవరిదీ? ఎక్కణ్ణించొచ్చావ్?"
జేబులో మూడు పెన్నులున్నాయి అతనికి.
గరిటె పట్టుకునే అడ్డం వెళ్ళాను.
"మేం ఆరేళ్ళుగా ఇక్కడే అమ్ముకుంటున్నాం.
మేం ఎక్కడికీ పోం."
దానికి నిండా రెండేళ్ళు కాలేదు.

అతను చెరుకురసం బండి వైపు నడిచాక
అది నా పక్కకొచ్చి, గుసగుసగా,
పరీక్ష రాసొచ్చి జవాబు సరిచూసుకునే పిల్లలా:
"అక్కా, ఇప్పుడు మేం అన్నావు కదా,
అందులో నేనున్నానా?"

పుట్టినప్పట్నుంచీ తెలుగే మాట్లాడుతున్నాను.
ఏం చెప్పాలో తోచక
కొంగుతో మొహం తుడుచుకుంటున్నాను.
ఇంతలో అదే అరిచింది:
"కోటక్కా! మన బజ్జీలు మాడింది!"

నిజమే.
వాయి మొత్తం మాడింది.