మూడో జాము మిరియాలు

పొద్దున్నుంచీ కొండమీద
అరవై తలలు గొరిగి దిగొచ్చినాను.
కొంగు మడతల్లో, గోళ్ళ సందుల్లో
ఊరూ పేరూ లేని వెంట్రుకలు.
కొర్లగుంట సందు తిరగ్గానే
గేటు కాడే నిలబడుండాది లిఖిత.
"అమ్మా, బొరుగు ఏమీ తినలా."

బొరుగంటే మా చెవులపిల్లి.
బడిలో దాన్ని కుందేలంటారంట,
నా నోటికి చెవులపిల్లే వస్తుంది.
తెల్లగా, తేలిగ్గా,
చేటలోంచి ఎగిరిపడిన బొరుగు మాదిరి
ఉంటాదని ఆ పేరు.

ఇప్పుడు మూలకు ముడుచుకోనుండాది.
కొత్తిమీర ముక్కు కాడ పెడితే
ముక్కు ఆడింది, నోరు ఆడలేదు.
పళ్ళు నూరతా ఉండాది, చలికి కాదు.
రోజూ విసుక్కుంటా ఊడ్చే
మిరియాల్లాంటి పెంటికలు
ఈ పొద్దు ఒక్కటంటే ఒక్కటి లేదు.
ఊడ్చేదానికి ఏమీ లేకపోతే
ఇంత భయమేస్తుందని
నాకెవరూ చెప్పలేదు.

"వామునీళ్ళు పొయ్యి, దిష్టి తియ్యి"
మిద్దె మీంచి రెడ్డెమ్మక్క.
దిష్టి తీసినాను, అబద్ధమెందుకు?
తీసినాక ఆటో ఎక్కినాను.

పశువుల ఆసుపత్రిలో
ఒక బర్రె, రెండు కుక్కలు, మా గంప.
డాక్టర్ ఇలియాస్ కడుపుకు గొట్టం ఆనించి
చాలాసేపు విన్నాడు.
ఏమీ వినపడలేదంట.
"నా చీర వెంట్రుకలు నాకిందేమో సార్,
ఎవరి మొక్కో దీని పేగుల్లో చిక్కుకుందేమో."
"వెంట్రుకలు ఎప్పుడూ ఉంటాయమ్మా.
పేగు నడిస్తే అవీ నడిచిపోతాయి.
నడక ఎందుకు ఆగిందో చెప్పు.
ఏం పెడతా ఉన్నారు?"

లిఖిత నా వైపు చూసింది.
నేను గోడమీది ఆవు బొమ్మ వైపు చూసినాను.
రోజుకింత లడ్డు. నా చేత్తోనే.
ప్రసాదం ఎవరికీ చెడు చెయ్యదని.
ఆయన నవ్వలేదు.
"దేవుడిది తప్పు లేదు, చక్కెరది.
ఇది గడ్డి పేగు.
పైగా ఈ జీవం కక్కుకోలేదు."

కక్కలేక మింగలేక అని
మనం మాటవరసకు అంటాం.
దానికది మాటవరస కాదు.

భుజాల నడుమ తోలు కింద నీళ్ళెక్కించినాడు,
నొప్పికొక సూది, పేగు కదలడానికొకటి.
నానబెట్టిన గడ్డిపిండి
సూదిలేని సిరంజితో
మూడు గంటలకొకసారి మీరే పట్టాలన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు.
నేను పట్టినదానికి నాలుగూ ఉన్నాయి,
నాలుగింటితోనూ తన్నింది.
మొదటి సిరంజి నా రవిక తాగింది.
రెండోది సగం లిఖిత మొహాన పడింది.
మూడోసారి తువ్వాల్లో చుట్టి
పళ్ళ పక్క సందులోంచి
చుక్క, ఆగి, ఇంకో చుక్క.
గుటక పడింది. మా ఇద్దరికీ.

చంటిబిడ్డల మాడు ఎక్కడ మెత్తనో
తెలిసిన వేళ్ళివి.
ఆ వేళ్ళతోనే కడుపు నిమిరినాను,
పిండి కలిపినట్టు కాదు,
నిద్రపోయేవాళ్ళ దుప్పటి సర్దినట్టు.

మూడో జామున ఎప్పుడో
నా అరచేతి కింద
దూరంగా బండి కదిలినట్టు
గుడగుడ.

"అమ్మా, లెయ్యి!"
ఫోన్ వెలుతుర్లో లిఖిత లెక్కపెడతా ఉండాది.
చిన్నవి, వంకరవి, ఎండిపోయినవి,
వెంట్రుకకు గుచ్చిన పూసల్లా నాలుగు.
కాగితం మీద పెట్టి దాచుకుంటానంటుంది,
వద్దంటే వినదు.
ఆ పక్కన
గరికపోచ ఒకటి
నిలువుగా, మెల్లిగా, పొట్టిదైపోతా ఉండాది
బొరుగు నోట్లోకి.

నాలుగింటి బస్సులో
పక్కనామె ముక్కు మూసుకునింది.
నా మీదంతా గడ్డి వాసన.

మొదటి తల ఏడాది నిండని పిల్లోడిది.
నీళ్ళు తడిపి, కత్తి ఎత్తి,
ఎందుకో ఆగి
ముందు వాడి పొట్టమీద చెయ్యేసి చూసినాను.

వాళ్ళమ్మ వింతగా చూసింది.
పొట్ట గుడగుడమంటా ఉండాది.